గాజుతొట్టి అడుగున మన్ను
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నాకు ముందు మాటలాడిన పెద్దలు గ్రంథాలయ సేవను గూర్చియు, పుస్తక పఠనమువలన కలుగు మేలును గూర్చియు చక్కగా సెలవిచ్చిరి. కార్యదర్శిగారు నాకు వేరొక పని అప్పగించిరి. చదువుగది మూలనున్న చేపల తొట్టిని గూర్చి అరగంటసేపు మాటలాడుమనిరి. పండుగనాడు చేపల తొట్టి కథ యేమిటని మీలో కొందరు నవ్వుకొనుచుండవచ్చును. కాని ఆ తొట్టిలో చేపలకన్న, మొక్కలకన్న, అడుగున కనబడీ కనబడక పడియున్న మన్నే నాకు పెద్ద పాఠము చెప్పినది. ఆ పాఠమునకు నేనిచ్చుకొన్న గురుదక్షిణను గూర్చి కూడ చెప్పెదను.

ముందుగా ఈ బల్లమీద తలక్రిందులుగా నిలిపిన నాలుగు సీసాలను చూడుడు. వాని అడుగులు కోసి, మెడలలో దూది దూర్చితిమి. రెండింట కడిగిన వాగు ఇసుక యున్నది. తక్కిన రెండింట మన తూర్పుచేని నల్లరేగడి పొడిని, నీరు దిగుటకు వీలుగా కొంత ఇసుక కలిపి, నింపితిమి. ఇప్పుడు పిల్లలు ఒక ఇసుక సీసాలోను, ఒక రేగడి సీసాలోను ఊదారంగు నీటిని పోయుచున్నారు. అది నోటిపూతకు రాయు జెన్షియన్ వయొలెట్ మందే. మిగిలిన రెండింట ఇయోసిన్ అను ఎర్రరంగు నీటిని పోయుచున్నారు. క్రిందనున్న గ్లాసులలోనికి నీరు దిగుటకు కొంత కాలము పట్టును. అంతవరకు నా మాటలు వినుడు.

తొట్టి మన గ్రంథాలయమునకు వచ్చి ఆరేండ్లయినది. దానిని సిద్ధము చేయు బాధ్యతను, ముప్పదియేండ్లు సైన్సు చెప్పితినన్న ధైర్యముతో, నేనే పైన వేసికొంటిని. వాగు ఇసుకను తెప్పించి, నీరు తేటగా వచ్చువరకు ఏడుసార్లు కడిగించితిని. తెల్లని ఇసుక, తేట నీరు, రిబ్బను వంటి ఆకులుగల వాలిస్నేరియా మొక్కలు, పండ్రెండు చేపలు. పిల్లలు ఒక్కొక్క చేపకును పేరు పెట్టుకొనిరి. మూడు వారములు చూచువారి కన్నులు చల్లబడినవి. పిదప ముదురాకులు పసుపుబారెను, లేతాకులు పాలిపోయెను. మొక్కలకు ఆకలియైనదని గ్రహించితిని. అంతవరకు నా ఊహ సరియైనదే. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టవలెను గదా యని ఒక చెంచాడు యూరియాను నీటిలో కలిపితిని.

వారము తిరుగకముందే నీరు పచ్చని పెసరకట్టువలె ఆయెను. ఎనిమిదవనాటి ఉదయము గది తలుపు తెరచునప్పటికి పండ్రెండు చేపలలో తొమ్మిది తేలియుండెను. నాలుగవ తరగతి చదువు బాలిక యొకతె ఏడ్పు ఆపుకొనుచు, "మొక్కలకు పెట్టిన అన్నం చేపలకెట్లా తగిలింది, మాస్టారూ?" అని అడిగెను. అప్పుడు నాకు సమాధానము తోచలేదు. ఈనాటి ప్రసంగము ఆ చిన్నదానికి ఆలస్యముగా చెప్పు జవాబు.

గాజుతొట్టిలో మొక్కలను, చేపలను కలిపి పెంచు విద్యను శాస్త్రీయముగా పరీక్షించినవారిలో లండను నగరపు రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ ముఖ్యుడు. ఆయన 1849లో సుమారు 12 గ్యాలనుల గాజుపాత్రలో రెండు బంగారు చేపలను విడిచి, అడుగున ఇసుకయు బురదయు పరచి, అందు మొక్కను నాటెను. అదియు వాలిస్నేరియాయే. కుళ్ళిన ఆకులవలన నీరు చెడుచుండగా, వానిని తిను నత్తలను తెచ్చి వేసెను. ఆ మీదట చేపలును మొక్కలును సుఖముగా బ్రతికినవి. చేపలకు ప్రాణవాయువును మొక్క ఎట్లు ఇచ్చుననుట ఆయన విచారించిన విషయము. ఆయన పాత్ర అడుగున బురద కలదు. నా తొట్టిలో లేదు. ఈ భేదము నా కంటబడుటకు తొమ్మిది చేపలు చావవలసివచ్చినది.

ఆ బురద చేయు పనిని అదే కాలమున అదే దేశములో మరియొకరు పరిశీలించుచుండిరి. యార్క్‌షైరు సీమ వ్యవసాయదారుడు థామ్సన్‌కు ఒక సందేహము కలిగెను. పొలమునకు వేసిన ఎరువును వాన కడిగివేయదా? ఇది మన రైతులందరి సందేహమే. ఆయన 1845లో యార్క్ నగరపు మందుల వర్తకుడు స్పెన్స్ సహాయముతో, గాజు గొట్టములో మన్ను నింపి, అమ్మోనియము సల్ఫేటు కలిపి, పైనుండి నీరు పోయించెను. వేసిన ఎరువే క్రిందకు దిగవలెను గదా! దిగినది జిప్సము. మనము చవుడు నేలలకు వేయు జిప్సమే. అమ్మోనియము మన్నులో నిలిచిపోయి, దానికి బదులుగా మన్నులోని కాల్షియము బయటకు వచ్చెను. రాయల్ వ్యవసాయ సంఘపు రసాయనజ్ఞుడు వే ఈ సంగతిని చేపట్టి, పెక్కు పరీక్షలు చేసి, 1850లోను 1852లోను ప్రకటించెను. మన్ను పట్టుకొన్నదానికి సమానమైన పాళ్ళలోనే మరియొకదానిని విడుచుననియు, ఈ పని మిక్కిలి వేగముగా జరుగుననియు, ఇది బంకమన్ను ప్రభావమనియు ఆయన చూపెను. ఒక్కచోట మాత్రము ఆయన పొరబడెను. మన్ను ఒకసారి పట్టినది మరల విడువదనుకొనెను. 1858లో జర్మనీ దేశస్థుడైన ఐఖ్‌హోర్న్ ఆ భ్రమను తొలగించెను. ఇచ్చిపుచ్చుకొనుట రెండు వైపులను జరుగునని తేలెను. అట్లు కానిచో మన్ను లోభివాని ఇనుపపెట్టె వంటిదైయుండెడిది. వేరునకు ఒక్క మెతుకైనను దక్కకపోయెడిది.

మన్ను నీటిని పీల్చుకొన్నట్లు ఎరువును గూడ పీల్చుకొనునని మనమనుకొందుము. తడిగుడ్డ నీటిని పట్టుట వేరు, బంకమన్ను పోషకమును పట్టుట వేరు. బంకమన్ను కంటికి కనబడని పలుచని రేకుల దొంతర. ఈ రేకులలో సిలికాను ఉండవలసిన చోట్ల కొన్నిట అల్యూమినియము, అల్యూమినియము ఉండవలసిన చోట్ల కొన్నిట మెగ్నీషియము చేరుటచేత, రేకునకు శాశ్వతముగా ఋణవిద్యుదావేశము ఏర్పడినది. నీటిలో కరిగిన అమ్మోనియము, పొటాషియము, కాల్షియము, మెగ్నీషియము ధనావేశము గలవి. కనుక రేకు వానిని తన చెంతకు లాగుకొనును. మన చదువుగదిలో కుర్చీలెన్నియో లెక్క యున్నట్లు, ప్రతి మన్నునందును ఇట్టి స్థానములకు లెక్క కలదు. ఒకరు లేచిన గాని మరియొకరు కూర్చుండలేరు. కాల్షియము స్థూలకాయుడు; రెండు కుర్చీలు ఆక్రమించును. అమ్మోనియము, పొటాషియము ఒక్కొక్క కుర్చీతో తృప్తిపడును.

ఈ కుర్చీల లెక్కనే శాస్త్రజ్ఞులు మిల్లీఈక్వివలెంటులని పెద్దపేరుతో చెప్పుదురు. మన నల్లరేగడులలో విరివిగానుండు మాంట్‌మొరిల్లొనైటు జాతి బంకమన్ను 100 గ్రాములకు 80 నుండి 120 వరకు ఉండును. ఎర్రనేలలలో హెచ్చుగానుండు కేయొలినైటునకు 3 నుండి 15 మాత్రమే. బాగుగా చివికిన ఆకుల ఎరువులోని హ్యూమస్‌కు 200 పైబడవచ్చును. కడిగిన ఇసుకకు దాదాపు సున్న. నేను ఏడుసార్లు కడిగి పారబోసినది మురికి యనుకొంటిని. పారబోసినవి కుర్చీలు!

రేగడికి ఇంత శక్తి యెక్కడిదనగా, దాని రేకుల నడుమ నీరు దూరి వానిని ఎడము చేయును. వేసవిలో నీరు పోగానే రేకులు దగ్గరపడుటచేతనే మన చేలు నెర్రెలిచ్చును. ఒక్క గ్రాము మాంట్‌మొరిల్లొనైటు రేకులన్నిటిని విడదీసి పరచినచో 600 నుండి 800 చదరపు మీటర్ల వైశాల్యమగును. అనగా ఆరేడు గ్రాములు, ఒక చెంచాకు మించని బంకమన్ను, ఎకరము విస్తీర్ణమును కప్పగలదు. 100 గ్రాములకు 40 స్థానములుగల రేగడిమన్ను కిలో ఒకటి, స్థానములన్నియు దానికే యిచ్చినచో, 7 గ్రాములకు పైగా అమ్మోనియమును పట్టగలదని లెక్క తేలును. నిజముగా అన్నియు దానికే దక్కవు. పెక్కింటిని కాల్షియము ముందే ఆక్రమించి యుండును.

వేరు మన్నునుండి ఊరక తీసికొనదు. అది హైడ్రోజను అయానులను వెలువరించి, వానిని రేకులపై కూర్చుండబెట్టి, పొటాషియమును, అమ్మోనియమును లేపి తీసికొనును. నీటి మొక్కలు ఆకులతోనే తినునని, వేళ్ళు పట్టుకొమ్మలు మాత్రమేనని పూర్వము పలువురు తలచిరి. గుర్రపుడెక్కవంటి తేలు మొక్కలు నీటినుండి తిను మాట నిజమే. కాని అడుగున వేరూని నీట మునిగియుండు మొక్కలు నత్రజనిని, భాస్వరమును ముఖ్యముగా అడుగు మన్నునుండియే గ్రహించునని అమెరికాలో బార్కో, స్మార్ట్ అను పరిశోధకులు 1980 ప్రాంతమున పరీక్షలతో చూపిరి. పొటాషియమును మాత్రము అవి నీటినుండి గూడ బాగుగా తీసికొనును.

మన్ను అన్నిటిని పట్టునని మాత్రము అనుకొనరాదు. ధనావేశము గలవానినే రేకు పట్టును. నైట్రేటు ఋణావేశము గలది. రేకు దానిని తోసివేయును. అమ్మోనియమును నైట్రేటుగా మార్చునవి సూక్ష్మజీవులని ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ 1877లో కనుగొనిరి. ఆ మార్పు రెండు దశలలో జరుగునని ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున చూపినవాడు మరియొక రాబర్ట్ వారింగ్టన్. ఈయన మన గాజుతొట్టి వారింగ్టన్ కుమారుడే! తండ్రి తొట్టిలో ప్రతిదినము జరిగిన పనిని కొడుకు పొలపు మన్నులో పట్టుకొనెను. ఇట్టివి చదువునపుడు నాకు కథల పుస్తకములు అక్కరలేదనిపించును.

భాస్వరము సంగతి వేరు. అదియు ఋణావేశము గలదే. అయినను మన్నులోని ఇనుప తుప్పు దానిని గట్టిగా పట్టుకొనును. ఎర్రనేలలలో రైతు వేసిన సూపరు ఫాస్ఫేటు అంత త్వరగా చిక్కుకొనిపోవుటకు ఇదియొక కారణము. కాని అదే మన్ను నీట మునిగినపుడు ఒక వింత జరుగును. పైనుండి కొన్ని మిల్లీమీటర్లు దాటిన వెంటనే ప్రాణవాయువు అందదు. గాలి లేనిచోట సూక్ష్మజీవులు తుప్పునందలి ఇనుమును కరుగు రూపమునకు మార్చును. ఇనుము కరిగినపుడు అది పట్టియున్న భాస్వరము వదలి వేరునకు అందును. ఇంగ్లండు సరస్సుల బురదలో ఈ ప్రక్రియను మార్టిమర్ 1941, 1942 సంవత్సరములలో ప్రకటించిన పరిశోధనలలో వివరించెను. బురద పైభాగమున గాలి తగులు పలుచని పొర యొకటి యుండును. అందలి ఇనుము తుప్పుగానే నిలిచి, క్రిందనుండి వచ్చు భాస్వరమును మూతవలె ఆపును. మూత క్రింద వేళ్ళకు విందు. మూతపైన నీటిలో పాచికి ఉపవాసము. చేపల తొట్టి యజమాని కోరునది ఇంతకన్న వేరొకటి లేదు.

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు రాగలను. ఇసుకలో కుర్చీలు లేవు కనుక, నేను వేసిన యూరియా నీటిలోనే నిలిచెను. అది అమ్మోనియాగా మారెను. వేళ్ళకు అందకముందే పాచి దానిని భుజించి ప్రబలెను. పాచి పగటివేళ నీటినుండి బొగ్గుపులుసు గాలిని లాగివేయుటచే నీటి క్షారగుణము హెచ్చును. అట్టి నీటిలో అమ్మోనియా మరింత విషమగును. చేపల మొప్పలను పాడుచేయును. రాత్రి ప్రాణవాయువునకు కరవు. ఈ రెండు దెబ్బలకు చేపలు నిలువలేదు. ఎరువు తప్పు కాదు. దానిని పట్టువారు లేనిచోట వేయుట నా తప్పు.

రెండవసారి మన చెరువు అడుగుమట్టిని తెచ్చి, రాళ్ళు, వేళ్ళు ఏరి, ఎండబెట్టి, అంగుళము మందమున పరచి, దానిపై అంగుళము ఇసుక కప్పితిమి. ఈ పద్ధతిని అమెరికా సూక్ష్మజీవ శాస్త్రజ్ఞురాలు డయానా వాల్‌స్టాడ్ 1999లో వెలువరించిన గ్రంథములో సవిస్తరముగా చెప్పినది. మన్ను మరీ మందమైనను, పచ్చిపేడ కలిపినను లోపల కుళ్ళి, మురుగుగ్రుడ్ల కంపుగల గాలి పుట్టి వేళ్ళను చంపును. కొత్తగా నీట మునిగిన మన్ను మొదటి వారములలో అమ్మోనియాను నీటిలోనికి వదలును. ఈసారి తొందరపడలేదు. ఆరు వారములు చేపలు లేని తొట్టినే పిల్లలు చూచిరి. వారి గొణుగుడు నేను భరించితిని. నీటిని పరీక్షించి అమ్మోనియా లేదని తేలిన తరువాతనే, మిగిలిన మూడు చేపలను మట్టికుండనుండి తొట్టిలోనికి మార్చితిమి. ఈనాడు మీరు చూచునవి వాని సంతతి.

పట్టణములలో ఈ పనికి గుళికల మన్ను అమ్ముచున్నారు. జపానుదేశపు ఛాయాచిత్రకారుడు తకాషి అమానో (1954–2015) తొట్టిలో వనములను తీర్చు కళను లోకమునకు పరిచయము చేసెను. అట్టి మన్ను ప్రచారమునకు వచ్చుటలో ఆయన పాత్ర పెద్దది. ఈ గుళికలు కొత్తలో నీటిలోని కాల్షియమును పట్టి, బదులుగా హైడ్రోజనును విడిచి, నీటిని మెత్తన చేయును. కాని మన బోరు నీటివంటి కఠినజలము పోసినచో, కుర్చీలన్నిటిని కాల్షియమే త్వరలో ఆక్రమించును. ఆ గుణము అంతటితో సరి. కొనువారు ముందుగా తమ నీటిని పరీక్షించుకొనుట మేలు. కొందరు ఇటుకపొడి వేయుదురు. ఎర్రగా అందముగా నుండును గాని, ఆవములో కాలిన బంకమన్నుకు రేకులు అతుకుకొనిపోయి పట్టు చాలవరకు నశించును. జర్మనీవారు ఒకప్పుడు లాటరైటు అను ఎర్రమన్నును తొట్లలో వేసిరి. ఆ పేరును మన మలబారు సీమలోని మన్నును చూచి ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో ప్రకటించిన గ్రంథములో పెట్టెను. అందు ఇనుము మెండు, కుర్చీలు తక్కువ.

రైతు సోదరులు ఇంతసేపు ఓపికతో వింటిరి. మీ వరిమడి ఒక పెద్ద తొట్టి. దమ్ము చేసి నీరు పెట్టిన మడిలో పైన గాలి తగులు పలుచని పొర, క్రింద గాలి లేని బురద, పైన పాచి నిండిన నీరు: అన్నియు అక్కడను ఉన్నవి. యూరియాకు ఆవేశము లేదు. మారనంతవరకు రేకు దానిని పట్టలేదు. నిలిచిన నీటిలో చల్లినది నీటిలోనే అమ్మోనియాగా మారి, మధ్యాహ్నపు ఎండలో, పాచివలన నీటి క్షారగుణము హెచ్చినవేళ, కొంత ఆకాశమునకు పోవును. పైపొరలో నైట్రేటుగా మారినది క్రింది బురదలోనికి దిగి, సూక్ష్మజీవులవలన నత్రజని వాయువై మరికొంత పోవును. మిగిలినదే పైరునకు. నేను చెంచాడు పోసి తొమ్మిది చేపలను పోగొట్టుకొంటిని. మీరు బస్తాలు పోయుచున్నారు.

యూరియాను తడిమన్నుతో కలిపి రెండు దినములు ఉంచి చల్లుమని వ్యవసాయశాఖవారు చెప్పుటలోని రహస్యము ఇదియే. ఆ రెండు దినములలో చాలభాగము అమ్మోనియముగా మారి రేకులపై కూర్చుండును. మడిలో నీరు తీసివేసి, చల్లి, బురదలో కలియునట్లు చేసిన పిమ్మట నీరు పెట్టుడు. గాలి లేని బురదలో అమ్మోనియము నైట్రేటుగా మారదు, పట్టుబడి యుండును. 2015 నుండి మన దేశమున తయారగు యూరియాకంతకు వేపనూనె పూత తప్పనిసరి చేసిరి. అదియు ఆ మార్పును నెమ్మది చేయుటకే. ఎర్రచెలకలు గలవారికి మరియొక మాట. మన తాతలు వేసవిలో చెరువుమట్టిని బండ్లపై చెలకలకు తోలిరి. అందలి ఎరువు రెండు మూడు పంటలకు తీరిపోవచ్చును. దానితో వచ్చిన బంకమన్ను మాత్రము చెలకలోనే యుండి, తరువాత వేయు ఎరువును పట్టుచుండును. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీసినపుడు ఆ మట్టిని పొలములకు తోలుకొన్నవారు మంచి బేరమే చేసిరి.

ఇక గ్లాసులను చూడుడు. ఇసుక క్రింది గ్లాసులలో ఊదా నీరు ఊదాగానే, ఎర్ర నీరు ఎర్రగానే దిగినది. రేగడి క్రింద ఊదా పోసిన గ్లాసులో నీరు తేటగానున్నది. ఆ రంగు ధనావేశము గలది కనుక మన్ను పట్టుకొన్నది. ఎర్ర పోసిన గ్లాసులో రంగు చాలవరకు దిగివచ్చినది. అది ఋణావేశము గలది, మన నైట్రేటు వంటిది. పిల్లలు ఈ సీసాలను రేపు సాయంత్రమువరకు ఇచ్చటనే యుంచుదురు. ఎవరి చేని మన్నును వారు ఒక దోసెడు తెచ్చి ఊదారంగు పోసి చూచుకొనవచ్చును. సీసాలు, దూది, రంగు మేమిచ్చెదము.

తొట్టిలో మన్ను మార్చవలెనా యని కార్యదర్శిగారు నిన్న అడిగిరి. ఇప్పుడే వద్దు. మొక్కలను పెరికి కదిలించినచో మూత చెదరి, క్రింది పోషకములన్నియు నీటిలోనికి వచ్చును. చేపలు తిను ఆహారములోని సారము తిరిగి అడుగునకే చేరుచున్నది. కనుక ముదురాకులను కత్తిరించుచు, నెలకొకసారి కొంత నీటిని మార్చుచు, అడుగును మాత్రము ముట్టకుండ విడిచిపెట్టుడు.